మా అమ్ములు వేలు చూపించదు

ఒక ఫోనూ, ఒక ఆదివారమూ చేతికి దొరికితే మనిషి ఇల్లంతా ఎలా అల్లకల్లోలం చేయగలడో చెబుతాను. ఆ మనిషిని నేనే. నవ్వదలచినవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టండి, నేనేమీ అనుకోను.

మా అమ్మాయి అమ్ములుకి అప్పుడు ఏడాదిన్నర దాటింది. భీమవరంలో రొయ్యల మేత అమ్ముకునే నేను, పనిలేక ఫోన్లో పసిపిల్లల్లో ఆటిజం తొలి లక్షణాల పట్టిక చదివాను. పిలిస్తే తిరిగి చూస్తుందా? చూస్తుంది. నవ్విస్తే నవ్వుతుందా? ఇల్లెగిరిపోయేలా. నచ్చినదాన్ని వేలితో చూపిస్తుందా?

అక్కడ ఆగిపోయాను. అమ్ములు వేలు చూపించగా నేనెన్నడూ చూడలేదు.

వెంటనే పరీక్షాధికారి అవతారమెత్తాను.

"అమ్ములూ, కాకేదమ్మా?"

పిడికిలి ఎత్తింది.

"ఫ్యానేది?"

పిడికిలి.

"గేదేది తల్లీ?"

మళ్ళీ పిడికిలే! కాగితం మీద 'వేలు సున్నా, కోపం విపరీతం' అని రాసుకున్నాను. ఇప్పుడు నవ్వొస్తోంది గానీ ఆ పూట అన్నం సహించలేదు. నిజంగా భయపడ్డాను.

మా ఆవిడకీ, మా అమ్మకీ టీకా అని అబద్ధం చెప్పాను. మా ఆవిడకి స్కూల్లో సెలవు దొరకలేదు. మర్నాడు అమ్మనీ అమ్ములునీ బండెక్కించుకుని పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి నా కాగితం ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ ఓపిగ్గా చదివి, సబ్బు బుడగలు ఊదారు. అమ్ములు బుడగకేసి పిడికిలి ఎత్తి, నా వైపు తిరిగి కిలకిలా నవ్వింది.

"చూశారా అండీ, పిడికిలి!" అన్నాను, దొంగని పట్టిచ్చినవాడిలా.

"పిడికిలి సంగతి వదిలేయండి, కళ్ళు చూడండి. బుడగని చూసి, మీరూ చూశారా లేదా అని మీ మొహం చూసింది. చూపించడమంటే అదేనండి. ఇంతకీ వేలు చూపించొద్దని ఎవరైనా చెప్పారా?"

"నేనేనండి!" అంది మా అమ్మ సంబరంగా. "పెరట్లో ఆనప పాదు పిందెలేసిందండి. వేలెట్టి చూపిస్తే కుళ్ళిపోతాయి కదండీ? అందుకే వేలు మడిచి చూపించమన్నానండి." అంతలోనే నా వైపు తిరిగింది. "ఒరేయ్, టీకా అన్నావు కదరా?"

నేను బల్ల మీది నా కాగితాన్ని మెల్లిగా మడిచేశాను.

డాక్టరమ్మ నవ్వు ఆపుకుని, ఇంకో అరగంట అమ్ములుతో ఆడి, మాట్లాడించి చూశారు. "ఇప్పటికి కంగారు పడాల్సింది ఏమీ కనబళ్ళేదండి. అనుమానమొస్తే రావడం మంచిదే. ఒకవేళ ఆటిజమే అయినా, ముందే తెలిస్తే పిల్లకి సాయం ముందే మొదలెట్టొచ్చు. ఫోన్లో మీరే తేల్చేసుకున్నారే, అదే తప్పు. రెండేళ్ళు నిండాక మళ్ళీ తీసుకురండి. చీటీ రాయించుకునే చోటు తెలుసా?"

"తెలుసండి, అదుగో" అని చూపించాను.

గదిలో ఒక్కసారిగా నవ్వులు. డాక్టరమ్మ, నర్సు, చివరికి మా అమ్మ కూడా. ఎందుకా అని నా చెయ్యి చూసుకున్నాను.

చూపుడువేలు చక్కగా మడిచి ఉంది. ముప్పై ఏళ్ళ కిందట అదే పెరట్లో, అదే అమ్మ నేర్పింది మరి!

కాబట్టి పాఠక మహాశయులారా, మా పెరటి ఆనప పాదు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అనుమానమొస్తే డాక్టరు దగ్గరికే వెళతాను. కాగితం పట్టుకుని మా అమ్ములుకి ఇంకెప్పుడూ పరీక్ష పెట్టను. ఒకవేళ పెట్టినా, ముందు నా వేలు చూసుకుంటాను.