అశోక్‌నగర్‌లో గజం నేల

తెనాలి నుంచి హైదరాబాదుకు మేం బయలుదేరింది గజం నేల చూసుకోవడానికి. ఎకరం కాదు, సెంటు కాదు, ఒక్క చదరపు గజం. అరవై తొమ్మిది వేసవి అది, అక్కడ ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రేగిన రోజులు. పేపరు తెరిస్తే బందులు, లాఠీచార్జీలు, ఎక్కడికక్కడ నిలిచిపోయిన రైళ్లు. ఆంధ్రావాళ్లు అటు వెళ్లే రోజులు కావని ఇరుగుపొరుగు అందరూ చెప్పారు. నాన్నగారు వినలేదు. ఆయనకు ఆయాసం. ఒంటరిగా పంపితే నాకు అన్నం సహించదు. నేను పనిచేసే బడికి సెలవులే గనక వెంట బయలుదేరాను.

సంగతేమిటంటే, అమ్మ పోయిన ఏడాదికి నాన్నగారు ఒక వారపత్రికలో ప్రకటన చూశారు. ఏదో పాత సంస్థానం వారి ఉద్యానవనంలో గజం చొప్పున నేల ఇస్తారట. కొన్నవారు కోరిన పేరు చెక్కించి అక్కడ రాయి నాటుతారట. దాంతోపాటు రాజా, రాణీ, రావు బహద్దూర్, ఏది కావాలంటే ఆ బిరుదు పట్టా మీద రాసి పంపుతారట. నాన్నగారు అమ్మ పేరిట రాణీ బిరుదు తీసుకున్నారు.

"ఇదంతా నిజమేనా నాన్నా?" అని అడిగాను.

"నలభై ఏళ్లు దాన్ని ‘ఏమే’ అనే పిలిచానమ్మా. ఒక్కచోటైనా దాని పేరు గౌరవంగా రాసి ఉండాలి," అన్నారు.

ఎర్ర లక్క ముద్రతో పట్టా వచ్చింది. కింద దివాను సంతకం ఉంది. ఆ తర్వాత నాన్నగారు రాసిన ఉత్తరాలు వేటికీ జవాబు రాలేదు. అమ్మ తద్దినం లోపల ఆ రాయి కళ్లారా చూడాలని ఆయన పట్టు. అక్కడ రాయీ ఉండదు, తోటా ఉండదు, నడివీధిలో ఈయన కూలబడిపోతారని నా భయం.

ఉదయం అయిదున్నరకు తెనాలిలో ప్యాసింజరు ఎక్కి, ఏడు దాటాక బెజవాడలో ఎక్స్‌ప్రెస్ పట్టుకున్నాం. మూడో తరగతి పెట్టెలో నాన్నగారికి కిటికీ పక్కన చోటు దొరికింది. ఖమ్మం దాకా అందరూ గట్టిగానే మాట్లాడుకున్నారు. డోర్నకల్లు దాటాక మావైపు వాళ్ల గొంతులు తగ్గిపోయాయి. కాజీపేటలో బండి గంటన్నర ఆగింది. ముందు స్టేషనులో జనం పట్టాల మీద కూర్చున్నారని చెప్పుకున్నారు. ఆ ఆగినప్పుడే పెరుగన్నం పొట్లాలు విప్పాం. ఎదుటి బల్ల మీద కూర్చున్న జనగామ ఆవిడ, అడక్కుండానే మా ఆకుల్లో మామిడికాయ తొక్కు వేసింది.

"పట్నంల ఏడికి పోతున్నరక్కా?" అని అడిగింది.

"చిక్కడపల్లి దగ్గరికండీ."

"మీ మాట ఇంటనే తెలిసిపోతది ఎక్కడోళ్లో. బజార్ల జర తక్కువ మాట్లాడుండ్రి."

అది మంచికి చెప్పిందో, బెదిరించిందో తేల్చుకోలేకపోయాను. తొక్కు మాత్రం చాలా బాగుందని నాన్నగారు రెండోసారి అడిగి వేయించుకున్నారు.

సికింద్రాబాదులో దిగేసరికి సాయంత్రం అయిదున్నర. సిటీ బస్సులు లేవు. రిక్షా అతను తనంతట తానే దగ్గరికి వచ్చి, "బస్సులు బంద్ అయినయమ్మా. నారాయణగూడకైతే రెండు రూపాయలియ్యుండ్రి, ముషీరాబాద్ మీదికెల్లి తీస్కపోత," అన్నాడు. ముషీరాబాదులో దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. చక్రాల కింద గాజుపెంకులు కరకరలాడాయి. నారాయణగూడలో గది అద్దె రోజుకు నాలుగు రూపాయలు. మా మాట వినగానే లాడ్జి మేనేజరు వీధివైపు గది తాళం వెనక్కి పెట్టేసి, పెరటివైపు గది ఇచ్చాడు. "రేపు మధ్యాహ్నం జులూస్ ఉన్నదంటున్నరు, జనమంత రోడ్ల మీదికొస్తరు. మీ పనేందో పొద్దుగాలనే చూస్కోండ్రి," అన్నాడు.

మర్నాడు ఏడింటికల్లా బయలుదేరి, చిక్కడపల్లిలో సగం షట్టరు ఎత్తిన హోటల్లో ఇడ్లీ తిన్నాం. నాన్నగారు ఉతికిన పంచె, పైన జరీ ఉత్తరీయం వేసుకున్నారు. పెళ్లికి వెళుతున్నట్టున్నారు. అక్కడి నుంచి అశోక్‌నగర్ నడక దూరమే. ఇద్దరిని అడిగితే పట్టా మీదున్న ఇంటి నంబరు దొరికింది. చిన్న పెంకుటిల్లు. గేటు పక్కన ఒకప్పుడు బోర్డు ఉన్నట్టు గోడకు నాలుగు మేకులు మిగిలాయి.

యాభై ఏళ్ల ఆవిడ తలుపు తీసింది. పేరు సత్తెమ్మ. ఆమె భర్త సుల్తాన్ బజార్లో బట్టల దుకాణంలో గుమాస్తా అని తర్వాత తెలిసింది.

"దివానా? గా ముందటి అర్రల కిరాయికున్నాయనా? మూన్నెల్లాయె ఖాళీ చేసి. ఏడికి పోయిండో ఎవ్వరికి తెల్వది. మీ లెక్కనే శానమంది వచ్చి అడిగి పోయిండ్రు."

"మరి తోట?" అన్నారు నాన్నగారు.

"తోటేందయ్యా? ఉన్నది గీ పెరడే."

పెరట్లో ఒక జామచెట్టు, చేదబావి, స్నానాల గది ఉన్నాయి. వంటింటి గుమ్మం నుంచి స్నానాల గది దాకా కాళ్లకు బురద అంటకుండా షాబాద్ బండలు పరిచి ఉన్నాయి. ముందు నాకే కనిపించాయి, వాటి మీద అక్షరాలు. ఒక రావు బహద్దూర్, నెల్లూరు. ఒక రాజా, నరసాపురం. సబ్బు నురగ కింద ఇంకో రాజా. ఇత్తడి గంగాళం కింద సగం కనిపిస్తూ, అమ్మ పేరు.

చటుక్కున అడ్డంగా నిలబడ్డాను. కానీ ముప్ఫై ఏళ్లు తపాలా ఉత్తరాలు ఊళ్లవారీగా వేరుచేసిన కళ్లు ఆయనవి. ఒక్కొక్క బండా చదువుకుంటూ వచ్చి నా భుజం పట్టుకుని పక్కకు జరిపారు. చెప్పులు విడిచారు.

"రాణీ సుభద్రాదేవి, తెనాలి," అని పైకి చదివారు.

సత్తెమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో, గివి పేర్లా? నాకు సదువు రాదు బిడ్డా. గాయన రాళ్లిడిసి పోతే నేనే పరిపిచ్చిన. ఎవరు గామె?"

"మా అమ్మండీ. పోయింది," అన్నాను.

ఆవిడ గంగాళం జరిపి, కూర్చుని, తన చేత్తోనే ఆ బండ మీది నాచు రుద్ది కడిగి, తడిచేతిని కళ్లకు అద్దుకుంది.

అప్పుడే ఆమె కొడుకు మధు వచ్చాడు. పాతికేళ్లుంటాయి. చొక్కాకు ఉద్యమం వాళ్లు పెట్టుకునే నల్ల బ్యాడ్జీ. బి.ఎ. పాసై మూడేళ్లుగా ఉద్యోగం లేదట. నాన్నగారి చేతిలోని పట్టా అడిగి తీసుకుని చదివాడు. అతని మొహం మారిపోయింది.

"గీ ఇంట్ల గజం జాగ మీదని రాసిండు గదా! గిట్ల ఎందరికి అమ్మిండు? రేపు అందరొచ్చి కూసుంటే మేమేడికి పోవాలె? కొలువులు తీస్కున్నరు, ఇగ పెరడు గూడనా?"

"మధూ! పెద్దమనిషిరా!" అంది సత్తెమ్మ.

నాన్నగారికి ఆయాసం మొదలైంది. నేను సంచిలో మాత్రల కోసం తడుముతున్నాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపి, మధు జేబులోని కలం అడిగారు. బావి గట్టు మీద కూర్చుని పట్టా వెనక్కి తిప్పి రాశారు: ఈ నేల మీద నాకు గాని, నా వారసులకు గాని ఏ హక్కూ లేదు. సంతకం చేసి తేదీ వేశారు.

"నాకు నేల వద్దు బాబూ. ఆ రాయి ఒక్కటి ఇప్పించు, చాలు."

మధు ఆ రాత రెండుసార్లు చదివాడు. లోపలికెళ్లి గడ్డపార తెచ్చి, అంచు విరగకుండా బండను పెకలించి, గోనెసంచిలో చుట్టాడు. సత్తెమ్మ చాయ్ తెచ్చి ఇస్తూ, "తక్కినయి గూడ తియ్యి బిడ్డా. గోడకానిచ్చి పెట్టు. ఎవరన్న వస్తే ఇద్దాం," అంది కొడుకుతో.

సాయంత్రం బండికి నాంపల్లి చేరాలి. "మీరొక్కరే పోలేరు. నేనొస్త," అన్నాడు మధు. "తొవ్వల మీరు మాట్లాడకుండ్రి. నేను మాట్లాడత."

చాలాసేపు వెతికి రెండింటికి రిక్షా మాట్లాడాడు. లాడ్జిలో సామాను తీసుకున్నాం. నారాయణగూడ చౌరస్తాలో జనం గుంపులు గుంపులుగా ఉన్నారు. రిక్షా పక్కనే సైకిలు మీద వస్తున్న మధు బ్యాడ్జీ చూసి దారి ఇచ్చారు. గోనెసంచి మధు సైకిలు వెనక కట్టి ఉంది.

హైదర్‌గూడలో పోలీసులు ఆపారు. అక్కడ ఆ బ్యాడ్జీయే ముప్పు తెచ్చింది. ఒక జవాను సంచి తడిమి, "రాయి!" అని అరిచాడు. మరుక్షణం మధు కాలరు ఇంకొకతని చేతిలో ఉంది.

"పేరు రాసిన రాయి సార్, జర చూడుండ్రి," అంటున్నాడు మధు. ఎవరూ చూడలేదు. వ్యాను వైపు లాక్కుపోతున్నారు.

నాన్నగారు రిక్షా దిగేశారు. నేను ఉత్తరీయం పట్టుకుంటే అది నా చేతిలోనే ఉండిపోయింది. ఉత్త చొక్కాతో రోడ్డు మధ్యకు నడిచి, తెనాలి భాషలో, గొంతెత్తి చెప్పారు.

"ఆగండయ్యా! ఆ రాయి నాది. దాని మీద మా ఆవిడ పేరుంది. ఈ అబ్బాయి మా మేనల్లుడు. నన్ను రైలెక్కించడానికి వస్తున్నాడు."

అధికారి సంచి విప్పించాడు. చదివి, నాన్నగారిని ఎగాదిగా చూశాడు. "రాణీగారా?" అన్నాడు.

"అవును," అన్నారు నాన్నగారు.

కాలరు వదిలారు. మధు చొక్కా గుండీ ఒకటి తెగిపోయింది. అక్కడి నుంచి నాంపల్లి దాకా మళ్లీ ఎవరూ ఆపలేదు.

బండి నాలుగున్నరకు. మధు రాయిని బల్ల కిందికి జాగ్రత్తగా జరిపి, జేబులోంచి పట్టా తీశాడు. "అమ్మగారి పేరున్న కాగితం. మీ దగ్గరనే ఉంచుకోండ్రి," అన్నాడు.

"వద్దు, నీ దగ్గరే ఉండనీ. తక్కినవాళ్లు వస్తే ఇది చూపించి, ఇలాగే రాయించుకో," అన్నారు నాన్నగారు. "నువ్వు తిరిగి ఎలా వెళతావు బాబూ? దారిలో వాళ్లే ఉంటారుగా?"

"గల్లీలల్లకెల్లి పోత. ఫికర్ చెయ్యకుండ్రి."

బండి కదిలేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాడు. సికింద్రాబాదులో ఎక్కినవాళ్లు నారాయణగూడ వైపు కాల్పులు జరిగాయన్నారు. కాదు, లాఠీలు మాత్రమే అన్నారు ఇంకొకరు. చూసినవాళ్లు ఎవరూ లేరు. నాన్నగారు ఒక్క కునుకు తీయలేదు. నేనూ తీయలేదు.

అలాంటి పట్టా మీ ఇంట్లో ఉంటే, అశోక్‌నగర్‌లో ఆ ఇల్లు తేలిగ్గానే దొరుకుతుంది. తోట ఉండదు, దివాను ఉండడు, నేల మీది కాదు. రాళ్లు మాత్రం గోడకు ఆనించి ఉంటాయి, అడిగితే ఇస్తారు. బందు లేని రోజు చూసుకుని వెళ్లండి. వెళ్లేటప్పుడు దారిపొడుగునా నేను భయపడింది మధులాంటి కుర్రవాళ్లకే. తిరిగి వచ్చేటప్పుడు భయమంతా అతని గురించే.

తెల్లవారుతుండగా బెజవాడలో దిగాం. తెనాలి బండికి ఇంకా ముప్పావుగంట ఉంది. నాన్నగారు కాఫీ కూడా వద్దని, పోస్టుకార్డు ఒకటి సంపాదించి, ప్లాట్‌ఫారం మీద అమ్మ పేరున్న రాయి మోకాళ్ల మీద పెట్టుకుని, దాని మీద కార్డు ఆనించి రాయడం మొదలుపెట్టారు. భుజం మీదుగా చూశాను.

"చిరంజీవి మధుకు. ఇల్లు చేరావా? ఒక్క ముక్క రాయి."