కోచ్ అంకుల్ చెప్పిన సాక్ష్యం

మా అమ్మాయి మోకాలు ఎలా ఉందని ఎవరడిగినా నాకు ఒళ్ళు మండుతుంది. అడిగేవాళ్ళ తప్పేం లేదు. లిఫ్టులో కనబడే చైనీస్ ఆంటీ పాపం ప్రేమగానే అడుగుతుంది, ఇంకా నొప్పిగా ఉందా అని. "ఓకే లా ఆంటీ" అంటుంది మా పిల్ల, ఇక్కడివాళ్ళ యాసలో. ఆ 'ఓకే' వినలేక నేను లిఫ్టు తలుపుకేసి తిరుగుతాను.

దానికి చిన్నప్పట్నించీ ఫుట్‌బాల్ పిచ్చి. ఈ దేశమొచ్చాక మేముండేది సెంబవాంగ్‌లో, మా ఆయన అక్కడే షిప్‌యార్డ్‌లో సూపర్వైజరు. మా బ్లాకు కింద సిమెంటు కోర్టులో మగపిల్లలతో సమానంగా దెబ్బలు తగిలించుకుంటూ ఆడింది. పాలిటెక్నిక్‌లో చేరాక ఆడపిల్లల టీములో చోటొచ్చింది. ఆ టీము కోచ్ తెలుగాయన, అందులోనూ మా చీరాల వైపు మనిషి, పైగా మేం వెళ్ళే ప్రార్థన సహవాసానికే వస్తాడు. ఇంకేం, మా ఇంట్లో ఆ రోజు బిర్యానీ వండాను.

మంచివాడే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నాకు చెప్పబుద్ధి కాదు. వానొచ్చి ప్రాక్టీసు ఆగితే పిల్లలందరికీ వేడి మైలో పాలు కొనిచ్చేవాడు. ఆలస్యమైతే దీన్ని తన కారులో ఇంటిదాకా దింపి, నేను తలుపు తీసేదాకా కదిలేవాడు కాదు. పిల్ల ఆయన మాటంటే వేదవాక్కులా చూసేది. ఇంట్లో నేను నెత్తీనోరూ బాదుకున్నా పట్టించుకోని మనిషి, కోచ్ అంకుల్ ఒక్కసారి చెబితే పొద్దున్నే లేచి పరిగెత్తేది.

ఆయన భక్తి మాత్రం నలుగురిలో ఉండాలి. మ్యాచ్ మొదలయ్యే ముందు గ్రౌండు గీత పక్కన టోపీ తీసి గడ్డిమీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని గట్టిగా ప్రార్థన చేసేవాడు. గోల్ పడితే వేలెత్తి ఆకాశం చూపించేవాడు. గెలిచాక కాలేజీ పిల్లలు ఫోను పట్టుకుని ఎలా గెలిచారు సార్ అంటే, "నాదేం లేదు, అంతా ప్రభువు" అనేవాడు. ఓడినప్పుడు మాత్రం డిఫెన్సు సరిగ్గా లేదనేవాడు. అది విని నేనూ మా ఆయనా నవ్వుకునేవాళ్ళం. ఇన్ని మతాల పిల్లలున్నచోట ఇది కుదరదని కాలేజీ వాళ్ళు చెప్పారు, అప్పట్నించి ఒక్కడే మౌనంగా కూర్చునేవాడు. రమ్మని ఎవర్నీ పిలిచేవాడు కాదు. మా పిల్ల తనంతట తానే వెళ్ళి ఆయన పక్కన మోకరించేది.

మా సహవాసం ఆంగ్ మో కియోలో, ఒక ఫ్యాక్టరీ బిల్డింగు పై అంతస్తులో అద్దె హాల్లో. షిప్‌యార్డు కుర్రాళ్ళు డార్మిటరీల నుంచి వస్తారు, చదువుకునే పిల్లలొస్తారు, మాలాంటి కుటుంబాలొస్తాయి. పాటలయ్యాక సాక్ష్యాలు. దేవుడు తనకేం చేశాడో ఎవరికి వాళ్ళు లేచి మైకులో చెప్పడం. వర్క్ పర్మిట్ వచ్చిందనీ, జ్వరం తగ్గిందనీ. వినడానికి ఎంత బావుంటుందో. కానీ మాలో ఒక పద్ధతుంది. తగ్గిందని ఒకసారి సాక్ష్యం చెప్పాక మళ్ళీ నొప్పి అని నోటితో అనకూడదు. అన్నావా, నీకు విశ్వాసం లేనట్టు, దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు. ఇది ఏ గోడమీదా రాసుండదు, అందరికీ తెలుసు.

పెద్ద మ్యాచ్ ముందర ప్రాక్టీసులో దాని కుడి మోకాలు మెలిపడింది. క్లినిక్‌లో డాక్టరమ్మ అటూ ఇటూ కదిపి చూసి, లోపల లిగమెంటు దెబ్బతిన్నట్టుంది, స్కాన్ తీయించండి, అప్పటిదాకా ఆడొద్దంది. ఆ ఆదివారం సహవాసంలో కోచ్ దాన్ని ముందుకు పిలిచాడు. మోకాలి మీద చెయ్యేసి, చెమటలు కారేలా ప్రార్థన చేసి, "ఎలా ఉందమ్మా?" అన్నాడు. హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. "తగ్గిందంకుల్" అంది. "గెంతు" అన్నాడు. గెంతింది! హాలు దద్దరిల్లిపోయింది. కోచ్ మైకు పట్టుకుని, "డాక్టర్లు స్కాన్ తీయాలన్నారు, నా ప్రభువు తీసేశాడు" అన్నాడు. అందరితో పాటు నేనూ ఏడ్చాను. ఎవరో వీడియో తీసి గ్రూపులో పెట్టారు, సాయంత్రానికల్లా చీరాల నుంచి మా వదిన ఫోను.

మర్నాడు పొద్దున అది గోడ పట్టుకుని బాత్రూముకి వెళ్తోంది.

"ఏమే, నొప్పా?"

"లేదమ్మా."

"మరి గోడెందుకే?"

"సింప్లీ."

"సింప్లీ ఏంటే! పద, స్కాన్‌కి పోదాం."

"వెళ్తే నమ్మనట్టే కదమ్మా. అంకుల్ అందరి ముందూ మైకులో చెప్పేశాడు." నా మొహంకేసి చూడకుండా అంది.

కోచ్‌కి ఫోన్ చేశాను. స్కాన్ అయ్యాక ఆడించండి, మీకు దణ్ణం పెడతానన్నాను. "సిస్టర్, మీరు సందేహిస్తే పిల్ల విశ్వాసం పడిపోతుంది. తగ్గిందని పాపే చెప్పింది కదా" అన్నాడు. ఆయన కోసం అది తగ్గిందంటోంది, అది అన్నదని ఆయన ఆడిస్తున్నాడు. ఇద్దరి మధ్యా నా మాట ఎవడికి కావాలి? స్కాన్ అపాయింట్‌మెంటు అదే ఫోన్ చేసి రద్దు చేసుకుందని నాకు మ్యాచ్ రోజు పొద్దున తెలిసింది. అరిచాను, తిట్టాను, బూట్లు దాచాను. స్నేహితురాలి బూట్లేసుకుని ఆడతానని వెళ్ళిపోయింది. నేనూ వెనకాలే రైలెక్కాను.

గ్రౌండు పాసిర్ రిస్ వైపు. టీము కెప్టెన్ మలయ్ పిల్ల దీని మోకాలికి టేపు చుడుతోంది. "నేనూ దువా చేస్తాను, కానీ ఐస్ కూడా పెడతాను లా" అంటోంది దీంతో. ఇది నవ్వేసి వెళ్ళి కోచ్ పక్కన మోకరించింది. ఎడమ మోకాలొక్కటే వంచింది. కుడికాలు పక్కకి చాపే ఉంది. నాకు దూరం నుంచే కనబడింది. పక్కనున్న మనిషి కళ్ళు మూసుకుని ఉన్నాడు.

రెండో సగంలో బంతి తీసుకుని గిర్రున తిరిగింది. ఎవరూ తగల్లేదు, ఎవరూ తన్నలేదు. అక్కడికక్కడే కూలిపోయింది. కోచ్ పరిగెత్తుకొచ్చి కాలి మీద చెయ్యి పెట్టాడు. నేను చేరేసరికి పిల్ల పెదాలు తెల్లబడిపోయి, "నో పెయిన్ అంకుల్, నో పెయిన్" అంటోంది. మోకాలు ఉండాల్సిన చోట లేదు దేవుడా!

ఆస్పత్రిలో నర్సు వచ్చి, నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతుందో చెప్పమంది. పిల్ల నాకేసి చూడలేదు. మంచం అవతల నిలబడ్డ కోచ్‌కేసి చూసింది.

"జీరో" అంది.

నర్సు కాలికేసి చూసింది, దాని మొహంకేసి చూసింది, మళ్ళీ అడిగింది.

"చెప్పమనండి" అన్నాను కోచ్‌తో. "మీరంటేనే చెబుతుంది. ఒక్క మాట అనండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆయన టోపీ తీశాడు. కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదుపుతూ ప్రార్థన మొదలెట్టాడు.

"జీరో" అంది మళ్ళీ. కంటి కొసల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. "టెన్! నేను దాని తల్లిని, టెన్ అని రాయి!" అని వార్డు అదిరేలా అరిచాను.

లిగమెంటు పూర్తిగా తెగింది, లోపలి మెత్తటి ఎముక కూడా చితికిపోయింది. ముందే చూపించుంటే ఇంతదాకా వచ్చేది కాదని సర్జన్ చెప్పాడు. ఆపరేషనైంది. ఇక ఫుట్‌బాల్ లేదు. మెట్లు ఒక్కొక్కటిగా రెయిలింగ్ పట్టుకుని దిగుతుంది, నా కూతురు, నా కంటే నెమ్మదిగా.

చంకకర్రతో నడవడం అలవాటయ్యాక, సహవాసానికి వస్తానని అదే అంది. నేనొద్దన్నాను. "ఒకసారమ్మా" అంది. వెనక వరసలో కూర్చున్నాం. పాటలయ్యాయి. కోచ్ లేచి మైకు తీసుకున్నాడు. క్షమించమని అడుగుతాడేమో అనుకున్నాను, నిజంగా అనుకున్నాను.

"లోపల అంతా తెగిపోయింది" అన్నాడు కోచ్. "మామూలు మనిషైతే ఆ బాధకి ప్రాణం పోవాలి. కానీ పాప ఏమందో తెలుసా? నేనక్కడే ఉన్నాను, నా చెవులతో విన్నాను. నర్సు రెండుసార్లు అడిగింది. జీరో అంది పాప! ఆ నొప్పంతా నా ప్రభువు మోశాడు."

"స్తోత్రం!" అంది హాలు. చేతులు పైకి లేచాయి. అందరూ వెనక్కి తిరిగి మాకేసి చూస్తున్నారు, ఫోన్లు తీస్తున్నారు. మా పిల్ల నా చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంది.

"టెన్ అమ్మా" అంది. చిన్నప్పుడు జ్వరంలో మాట్లాడిన గొంతు. "ఆ రోజు టెన్. నువ్వు చెప్పిందే కరెక్ట్. ఇప్పుడు చెప్పొచ్చా?"

"చెప్పవే తల్లీ. మైకులోనే చెప్పు" అన్నాను.

చంకకర్ర దాని చేతికిచ్చి, రెండో చెయ్యి నేను పట్టుకుని ముందుకి నడిపించాను. కోచ్ నవ్వుతూ మైకు చాపాడు. మేం ఇంకో సాక్ష్యం చెప్పడానికే వస్తున్నామనుకుని హాలంతా లేచి చప్పట్లు కొడుతోంది.