రోడ్డు ముట్టని సూపర్‌బైక్

2022 ఎండాకాలం. ఖమ్మంలో నాకు టూవీలర్ వర్క్‌షాప్ ఉంది. అంతకుముందు హైదరాబాద్‌లో పెద్ద బైకుల సర్వీస్ సెంటర్‌లో తొమ్మిదేళ్లు పనిచేశాను. అందుకే ఈ చుట్టుపక్కల ఎవరు పాత సూపర్‌బైక్ కొనాలన్నా ముందు నన్ను పిలిచి చూపిస్తారు. దీన్ని మేం ఇన్‌స్పెక్షన్ అంటాం. పెళ్లి సంబంధానికి ముందు వాకబు చేసినట్టు, బండి కొనేముందు దాని గుట్టు తెలుసుకోవడం.

ఆ రోజు పిలిచింది యాకయ్య గారు. ఊరి బయట ఆయనకు గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ ఉంది. కుర్రతనంలో క్వారీలో డ్రిల్లింగ్ కూలీ. అప్పుడే ఎవరో పారేసిన పేపర్లో రేసు బైకు బొమ్మ చూసి చించి దాచుకున్నారట. యాభై రెండేళ్లు వచ్చినా ఆ మోజు తీరలేదు. "ఈ వయసులో ఏంది ఈ పిచ్చి" అని ఇంటా బయటా అందరూ నవ్వేవారు. వింటే నాకు ఒళ్లు మండేది. ఇంటి ముందు మూడు కార్లు నిలబెట్టుకున్నవాణ్ని ఎవరూ ఏమీ అనరు. రాళ్ల దుమ్ము మింగి పైకొచ్చిన మనిషి ఒక్క బండి కోరుకుంటే మాత్రం పిచ్చి అయిపోతుంది.

ఆ బండి లిమిటెడ్ ఎడిషన్. రేసుల కోసం తయారుచేసిన బండికే లైట్లూ అద్దాలూ తగిలించి కొన్ని వందలు మాత్రమే అమ్ముతారు. ఏ బండి ఎన్నోదో హ్యాండిల్ దగ్గర ఒక రేకు మీద చెక్కి ఉంటుంది. సిటీ నుంచి ఒక బ్రోకర్ దాన్ని వ్యాన్‌లో ఫ్యాక్టరీకి తెచ్చాడు. నేను వెళ్లేసరికి యాకయ్య గారు ఆ రేకును తన తువ్వాలతో తుడుస్తున్నారు.

"దీని క్లచ్ సప్పుడు ఇను తమ్మీ!" అంటూ స్టార్ట్ చేయించారు. అది డ్రై క్లచ్, అంటే ఆయిల్‌లో మునగని క్లచ్. గిన్నెలు దొర్లినట్టు గలగలమంటుంది. "తెల్లారంగనే భద్రాచలం పోత. ఆడికెల్లి దుమ్ముగూడెం, పర్ణశాల. గోదారి పక్కపొంటి పోవాలె. గుడి కాడ బండి పూజకు గూడ చెప్పిపెట్టిన."

"షోకేసుల పెట్టిన బండన్నా ఇది. రోడ్డు ముట్టలే" అన్నాడు బ్రోకర్.

ఆ మాట నిజమే. రోడ్డు ముట్టలేదు, రేస్ ట్రాక్ ముట్టింది. ఇంజిన్ కింది బోల్టులకు సన్నటి రంధ్రాలు కనిపించాయి. రేసులో బోల్టు ఊడిపోకుండా రంధ్రం చేసి తీగ గుచ్చి కడతారు, దాన్ని సేఫ్టీ వైర్ అంటాం. షోకేసులో ఉన్న బండికి ఆ తీగతో పనేమిటి? వంగి స్టీరింగ్ హెడ్ చూశాను. ముందు ఫోర్కు ఫ్రేమ్‌తో కలిసే చోటు అది, బండికి మెడ. అక్కడొక్కచోట పెయింట్ కొత్తగా ఉంది.

"అన్నా, ఈ బండి పడ్డది. గట్టిగనే పడ్డది. మెడ కాడ అతుకేసిన్రు" అన్నాను.

యాకయ్య గారి ముఖం మాడిపోయింది. "గింత మంచి బండికి వంక పెడ్తవేంది? నిన్ను పిల్చింది దిష్టి పెట్టనీకా?"

బ్రోకర్ వెంటనే అందుకున్నాడు. "చిన్న ఊర్ల మెకానిక్‌లకు గిసొంటి బండ్లేం తెలుస్తయన్నా!"

సామాను సంచి తీసుకుని లేచాను. బ్రోకర్ మాట నన్నేమీ చేయలేదు కానీ యాకయ్య గారి మాట గుచ్చుకుంది. మోజు మనిషి కళ్లకు గంతలు కడుతుందని తెలిసే ఇలాంటివాళ్లు వాలతారు. ఆ సంగతి తెలిసినా కోపం ఆగలేదు.

గేటు దగ్గర ఫ్యాక్టరీలో ఏళ్లుగా పనిచేస్తున్న సైదమ్మ గ్రానైట్ పలక మీద బకెట్‌తో నీళ్లు పోసి, అది ఎండలో ఆరేదాకా చూస్తూ నిలబడింది. పలకల్లో మంచీచెడూ ఏరేది ఆమే. నేను ఆగి యాకయ్య గారి వైపు తిరిగాను.

"అన్నా, ఆమె నీళ్లెందుకు పోస్తున్నది?"

"పగులుంటే తెల్వనీకి. పలక ఆర్తది గని పగుల్ల తడి జల్దీ ఆరదు. నల్లగ గీత కనబడ్తది" అన్నారాయన విసుగ్గా.

"నా సంచిల గసొంటిదే ఎర్ర మందున్నది. మెడ కాడ గోరంత పెయింట్ గీకనియ్యి. అర్ధగంట చాలు."

ఆ మందును డై పెనెట్రెంట్ అంటారు. ఎర్ర రంగు చల్లి, కాసేపు ఆగి తుడిచేసి, పైన తెల్లటి పొడి కొడితే పగుల్లో దాక్కున్న ఎరుపు పైకి తేలుతుంది.

బ్రోకర్ ఎగిరిపడ్డాడు. "లిమిటెడ్ ఎడిషన్ పెయింట్! గీకితే కొన్నట్టే!"

బండి బాగుంటే ఖమ్మంలో నా పేరు అక్కడితో ఆఖరు. యాకయ్య గారు బండి మీద చెయ్యి వేసి, "పాలిష్ సూసి నేనెన్నడు రాయి కొనలే. గీకు తమ్మీ. బాగుంటే నేనే కొంట" అన్నారు.

గీకాను. పెయింట్ కింద వెల్డింగ్ బయటపడింది. పొడి కొట్టిన కాసేపటికి ఆ వెల్డింగ్ పక్కన వెంట్రుకంత సన్నటి ఎర్ర గీత తేలింది. వేలెడు పొడుగుంది.

"హెయిర్‌లైనే గదన్నా" అన్నాడు బ్రోకర్. "ఈ రోడ్ల మీద అంత స్పీడు ఎవరు పోతరు?"

అంటే వాడికి ముందే తెలుసు! "మెడ ఇరిగితే చక్రం ఓ దిక్కు, మనిషి ఓ దిక్కు! నీ ఇంట్ల మనిషిని ఎక్కిస్తవా దీని మీద?" అని అరిచాను. వాడు ఫోన్ చూసుకోసాగాడు.

యాకయ్య గారు అరవలేదు. ఆ గీత మీద వేలు పెట్టి, "గిసొంటి పలకను నేను ఎవరింటికి మెట్టు కింద గూడ పంపలే. నువ్వు మనిషెక్కే బండి తెచ్చినవ్. తీస్కపో" అన్నారు.

బ్రోకర్ నా చేతిలోని తుడుపు గుడ్డ వైపు చెయ్యి చాచి "ఆ బట్ట ఇటియ్యి" అన్నాడు. ఇచ్చేశాను. పని దగ్గర ఎవరు అడిగినా గుడ్డ అందించడం మాకు అలవాటు. నా కళ్లముందే వాడు ఆ గీతను శుభ్రంగా తుడిచి, గీకిన చోట నల్ల స్టిక్కర్ అంటించి, బండిని వ్యాన్ ఎక్కించాడు.

వ్యాన్ వెళ్లాక సైదమ్మ అడిగింది. "గా పగుల్ది ఇంకోనికి అమ్ముతడా ఏంది? మేమైతే సుత్తెతోని అప్పుడే పలగ్గొడ్తం."

నేను సంచి సర్దుకుని షాపుకు బయల్దేరాను.

యాకయ్య ప్రాణం కాపాడావని ఊళ్లో ఇప్పటికీ అంటుంటారు. ఆ మెప్పు నాకు మింగుడుపడదు. ఆ రోజు నేను చాసిస్ నంబరు రాసుకోలేదు, ఫోటో తీయలేదు. పిలిచినవాడు కొనకుండా ఆగితే నా పని అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు ఏ బండి చూసినా ముందు చాసిస్ నంబరు ఫోటో తీస్తాను. పగులు దొరికితే ఆ ఫోటోతో సహా తెలిసిన మెకానిక్‌లందరికీ పంపుతాను. బ్రోకర్లు తిడతారు, తిట్టనీ.

ఆ బండి మాత్రం ఎక్కడో, ఇంకో మోజున్న మనిషి కింద ఉంది. దాని మెడ మీది గీత తుడవడానికి గుడ్డ ఇచ్చింది నేనే.