గోరీ ఉన్న ఫారం

సౌదీలో హాయిల్ పట్టణానికి దూరంగా ఉన్న ఆ పాత గోధుమల ఫారానికి నేను మూడుసార్లు వెళ్లాను. రోడ్డు ఎప్పుడో ఇసుకలో పూడిపోయింది. మిగిలిన దారి వాదీ ఒక్కటే. వాన పడ్డ రెండు రోజులు పారి, మిగతా ఏడాదంతా గులకరాళ్లతో పడి ఉండే ఏరు అది.

నేను బోర్ల ఇంజినీరును. కంపెనీ అక్కడ కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు, ఏ బోరులో నీళ్లు మిగిలాయో, అక్కడ ఏమేం కట్టడాలున్నాయో చూసి రిపోర్టు రాయడం నా పని. నన్ను తీసుకెళ్లిన డ్రైవరుది కడప జిల్లా. అరవై దగ్గరపడ్డ మనిషి. ఆ ఫారం మొదలైనప్పుడు పనికి దిగిన తొలి గుంపులో ఆయనా ఒకడు.

మొదటిసారి బండి ఆగగానే నాకన్నా ముందు నడిచాడు.

"మేమొచ్చినప్పుడు ఈడ ఇసక తప్ప ఏం లేదు సార్. గుడారాల్లో పండుకుంటిమి. తొలి పంట వచ్చిన దినం అందరం చేలో పడి పొర్లినాం."

తర్వాత బోర్లు అడుగంటాయి. సేద్యం ఆపేసి మనుషుల్ని తలా ఒక దిక్కుకు పంపేశారు.

పనివాళ్ల పాత షెడ్డు వెనక రాళ్లు పేర్చి ఉన్నాయి. ఆయన చేతులు చాచి దువా చేసి, జారిన రాయిని సర్దాడు.

"మా ఊరోడు. నాతోబాటే వచ్చినాడు. బోరు పైపు జారి మీద పడింది. ఆ దినం ఏరు నిండా పారతా ఉండె. ఆస్పత్రికి దారి లేదు. మేమే పూడ్చినాం. రిపోర్టులో రాయండి సార్, ఈడ గోరీ ఉండాదని."

"రాస్తాను భాయ్" అన్నాను.

రాశాను కూడా. మా మేనేజరు గుంటూరాయన, ఆ వాక్యం దగ్గర వేలు పెట్టాడు.

"ఇది ఉంటే ప్రాజెక్టు ఆగిపోద్దండీ. మీరు చూసింది రాళ్లే కదా?" అని, ఇంకా సంతకం పెట్టని నా సెలవు కాగితం పక్కకు జరిపాడు. నేను ఆ వాక్యం కొట్టేశాను.

రెండోసారి నీటి పరీక్షకు వెళ్లాం. డ్రైవరు క్యానుతో నీళ్లు తెచ్చి రాళ్లు కడిగాడు. "రాసినారా సార్?" అన్నాడు. "రాశాను" అన్నాను.

మూడోసారి వానల తర్వాత వెళ్లాం. వాదీలో సగం చక్రం దాకా నీళ్లు. అవతల షెడ్డు లేదు. నేలంతా చదును చేసి ఉంది. ఆయన పాత బోరు దగ్గర్నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ అటూ ఇటూ తిరిగాడు. బుల్డోజర్ నడిపే పాకిస్తానీని ఉర్దూలో నిలదీశాడు.

"కాగజ్ మే తో కుఛ్ నహీ లిఖా, చాచా" అని, కాగితంలో ఏమీ రాసి లేదంటూ అతను క్యాబిన్‌లోంచి నా రిపోర్టు తీసి చూపించాడు. సమాధులేమీ లేవని ఉన్న గడి, దాని కింద నా సంతకం. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. కాగితం చూడలేదు, నన్నే చూశాడు.

ఆ ఏడాదే ఆయన ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, ఇంటికి బయల్దేరాడు. క్యాంపులో అందరినీ కౌగిలించుకుని, చివరికి నా దగ్గరికొచ్చి సలాం చేశాడు.

"వాని చెల్లెలు ఇంగా బతికే ఉండాది సార్. గోరీ బాగుండాదా అని అడుగుతాది. బాగుండాదనే చెప్తా. మీరు నాకు చెప్పినట్లే."