ఎర్రముల్లు చూపిన అంకె

ఆ పొద్దున పోయినవి లెక్కేస్తే మూడు: ఒక నెల రీడింగు, రీడింగు సారుకు రావలసిన ఇంక్రిమెంటు, ఆయన కళ్లలోకి చూసే నా ధైర్యం.

ఎనభైల్లో, భద్రాచలం రోడ్డులోని మా కోతమిల్లుకు ఆయన నెలకోసారి కరెంటు మీటరు చూడటానికి సైకిలు మీద వచ్చేవాడు. నేనక్కడ గుమాస్తాను. మీటరులో నల్లముల్లు లోడును బట్టి లేస్తూ ఎర్రముల్లును ముందుకు నెట్టేది. లోడు తగ్గితే నల్లది దిగిపోయేది, ఎర్రది మాత్రం ఆ నెలలో చేరిన ఎత్తులోనే నిలిచేది. ఆ అంకె రాసుకున్నాకే సీలు తెంచి, బుడిపె తిప్పి, దాన్ని సున్నాకు తేవాలి. నేను అంకె పైకి చదివేదాకా ఆయన బుడిపె మీద వేళ్లు పెట్టుకుని ఆగేవాడు.

"కండ్లార చూడు గుమాస్తా. తిప్పినంక దేవుడు కూడ చెప్పలేడు" అని నవ్వేవాడు.

ఆ నెల జ్వరంతో ఉన్న బిడ్డను దవాఖానాలో వదిలి వచ్చి, పరధ్యానంలో చూడకుండానే తిప్పేశాడు.

"పోయిన నెల అంకే ఏసుకో సారూ, ఎవలకు ఎరుక?" అన్నాడు మా సేటు.

"నాకెరుక గద సేటూ" అని ఆయన నావైపు తిరిగాడు. "పొద్దుగాల నువ్వేమన్న చూసినవా?"

సేటు నన్నే చూస్తున్నాడు.

"చూడలే సారూ" అన్నాను.

"నా పొరపాటున చూడకుండా తిప్పాను" అని పుస్తకంలో రాసి, కింద గుండ్రంగా సంతకం పెట్టాడు. ఆ రాతకే ఇంక్రిమెంటు ఆపేశారు.

నేను పొద్దున్నే చూశాను. మా మిల్లు కరెంటాఫీసుతో ఒప్పుకున్న లోడు డెబ్బై అయిదు, దాటితే జరిమానా. ఆయనకు నేను ఈ రోజుకీ చెప్పాల్సిన అంకె ఎనభై నాలుగు.