గలగల

మా మిరప కళ్ళంలో కూలీలకు పెద్ద ఆమె. అందరం మేస్త్రమ్మ అనేవాళ్ళం. ఎండబోసిన కుప్పలోంచి ఒక కాయ తీసి, తొడిమ పట్టుకుని చెవి దగ్గర ఆడించేది. లోపల గింజలు గలగలమంటే "కట్టండి" అనేది. కూలీలు బస్తాలు కట్టేవాళ్ళు. కాయ ఎండిందా లేదా అని ఆమె ఎవరినీ అడగగా నేను చూడలేదు.

ఒక ఏడు వాళ్ళమ్మాయి ఫోనూ, ఇయర్‌ఫోన్లూ కొనిచ్చింది. ఇక పొద్దస్తమానం చర్చి పాటలే. కాయ ఆడించడం మాత్రం మానలేదు. పాట మోగుతున్న చెవి దగ్గరే ఆడించి "కట్టండి" అంది. నేను చూసి నవ్వుకున్నాను.

పది రోజులకు బస్తాలు విప్పితే సగం కాయకు బూజు పట్టింది. మేస్త్రమ్మ ఒక కాయ విరిచి చూసింది.

"గలగల వినపడిందనే అనుకున్నా అబ్బాయ్" అంది.

మరుసటేడు కాయ తీసే ముందే ఇయర్‌ఫోన్లు పీకి కొంగున ముడేసుకుంది. కాయ ఆడించింది. రెండు బారల దూరంలో ఉన్న నాకే గింజల చప్పుడు వినపడింది. అయినా ఆ కాయ నా చెవి దగ్గరకు తెచ్చి అడిగింది.

"ఎండినట్టేనా అబ్బాయ్?"