కన్ను పోతే చాలనుకున్నాను

ప్రభువునందు ప్రియ సహోదరులారా, నేను గోదావరిఖనిలో బొగ్గు బాయి మీద కార్మికుల టోపీ లైట్ల బ్యాటరీలు చార్జింగ్ పెట్టే గదిలో పనిచేసినవాణ్ణి, ఇది తెలంగాణ రాకముందు మాట, ఒకరోజు నా తొందరపాటు వల్లనే బ్యాటరీలోని ఆసిడ్ కళ్లలో చిందింది, ఎడమ కన్ను అక్కడికక్కడే పోయింది, కుడి కంటి మీద పుండు నెలలు గడిచినా మానలేదు, ఆ చీకటి పగవాడికి కూడా వద్దు!

హైదరాబాదులో డాక్టరమ్మ, బిడ్డ పుట్టాక వచ్చే మాయలో పలుచని పొర ఉంటుందని, దాన్ని శుభ్రం చేసి కంటి మీద కుడితే పుండు మానే వీలుందని చెప్పింది. అదే మాయలో మూలకణాలని ఉంటాయట, వాటితో పాడైన అవయవాలనే మళ్లీ బాగుచేయవచ్చేమోనని పరిశోధనలు జరుగుతున్నాయట, అయితే తాను మాత్రం ఏ మాటా ఇవ్వలేనంది. మా ఇళ్లలో మాయను పెరట్లో పాతిపెడతాం, దాన్ని కంట్లో పెట్టడమా అని నేను ఒప్పుకోలేదు. కానీ అసలు కారణం అది కాదు.

మా అన్న నా చెవిలో ఒక మాట వేశాడు. "కన్ను బాగైతే ఏమొస్తదిరా? పూరా పోతే నిన్ను అన్‌ఫిట్ చేస్తరు, నీ నౌకరి పోరనికొస్తది." పనికి పనికిరాడని కంపెనీ అన్‌ఫిట్ చేసిన తండ్రి కొలువు కొడుక్కు రావడం మా దగ్గర ఉన్నదే. నేను చుక్కల మందు మానేశాను, నా కన్ను పోవాలని మోకాళ్లూని ప్రార్థించాను, ఎంత దౌర్భాగ్యుణ్ణి! నా కొడుకు అప్పటికే ఆ కొలువు కోసం డ్యూటీ బూట్లు కొనుక్కున్నాడు.

నా భార్య సుజాతకు సంగతి తెలిసిపోయింది. నా పక్కనే కూర్చుని గొంతెత్తి ప్రార్థించింది: "ప్రభువా, ఈయన కన్ను తీసి నా కొడుక్కు బువ్వ పెట్టకయ్యా, గా బువ్వ మాకు అరగది! ఈయనకు జర సిగ్గు రానియ్యి తండ్రీ!" నేను వెక్కి వెక్కి ఏడ్చాను, మర్నాడే హైదరాబాదు బస్సెక్కాం.

ఎవరో తల్లి తన కాన్పులో మాయను ఇచ్చింది, ఆమె పేరైనా నాకు తెలియదు, ఆ పొరే నా కంటి మీద వేశారు. వారాల తరువాత పుండు మానింది, మసకగా వెలుతురు, ఆపైన మనుషుల ముఖాలు! పూర్తి చూపు రాలేదు, వాక్యం ఇప్పటికీ సుజాతే చదివి వినిపిస్తుంది. ఆ మాత్రం చూపుతో చేసే తేలిక పని ఇచ్చారు, నా కొలువు నాకే మిగిలింది, మావాడు ఆటో నడుపుతున్నాడు.

సహోదరులారా, నాలాగా నాశనాన్నే వరంగా అడుగుతున్నవారు ఇక్కడ ఉంటే ఈ దినమే ఆయన పాదాలు పట్టుకోండి, దవాఖానకూ పోండి. కాన్పు దగ్గరపడిన అక్కచెల్లెళ్లారా, డాక్టర్లు మాయను అడిగితే కాదనకండి. నా కొడుకు నాతో మాట్లాడి ఏళ్లయింది. అన్నం దగ్గర తలెత్తినప్పుడు వాడి ముఖం నిండా కోపమే. ఆ కోపం నాకు కనబడుతోంది, దేవునికే మహిమ!